పాత సున్నపు గోడకు మళ్లీ సున్నమే: హైదరాబాద్ పాత ఇళ్ల గిలాబు బాగుచేసే పద్ధతి

శాలిబండలోనో, సుల్తాన్‌బజార్‌లోనో, సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోనో వందేళ్లు దాటిన ఇల్లేదైనా చూడండి. గోడలో రాయో ఇటుకో ఉంటుంది, వాటి సందుల్లో సున్నం ఉంటుంది, పైన సున్నపు పూత ఉంటుంది. 1591లో కట్టిన చార్మినార్ మీద నగిషీలన్నీ ఈ సున్నపు పనే. ఇలాంటి ఇంటి గోడ అడుగున పూత రాలగానే మేస్త్రి రెండు బస్తాల సిమెంటు తెప్పించి ఒక్క రోజులో నున్నగా గిలాబు కొట్టి వెళ్తాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి చెమ్మ ఆ సిమెంటును దాటి ఇంకో రెండడుగులు పైకి ఎక్కుతుంది. అప్పుడు అక్కడా సిమెంటే కొడతారు. పాత ఇళ్లు పాడవుతున్నది ఎక్కువగా ఈ మరమ్మతుల వల్లే.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మిగతా పనంతా దానంతటదే అర్థమవుతుంది. పాత ఇళ్ల పునాదిలో నీటిని ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూతలోని సన్నని రంధ్రాల గుండా ఆ తడి ఎక్కడికక్కడ ఆవిరైపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. దాంతో నీరు బయటపడే చోటు వెతుక్కుంటూ పైకి పోతుంది. వెంట తెచ్చుకున్న ఉప్పు సిమెంటు వెనక పేరుకుని గట్టిపడుతుంది. అది గట్టిపడేటప్పుడు ఉబ్బి పాత ఇటుకను పిండిపిండి చేస్తుంది. చౌడు పట్టిందని మనం అనేది దీన్నే. రెండో సంగతి బలం గురించి. సున్నం ఇటుక కన్నా మెత్తన, సిమెంటు ఇటుక కన్నా గట్టి. ఎండకూ చలికీ గోడ కదిలినప్పుడు మెత్తనిదే పగులుతుంది. సున్నం పగిలితే మళ్లీ పూసుకోవచ్చు. ఇటుక పగిలితే ఆ ఇటుక మళ్లీ దొరకదు.

తాపీ పట్టే ముందు

మీ ఇల్లు చార్మినార్‌కో గోల్కొండ కోటకో దగ్గరగా ఉంటే ముందు దూరం కొలవండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఉన్న ఇంటిని బాగుచేసుకోవాలన్నా జాతీయ స్మారక ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఊళ్లోని మిగతా వారసత్వ కట్టడాలకు తెలంగాణ 2017లో చేసిన వారసత్వ చట్టం ఉంది. మీ ఇల్లు ఆ జాబితాలో ఉందేమో జీహెచ్ఎంసీలో అడిగి తెలుసుకోండి. పని మొదలుపెట్టకముందే అన్ని గోడలకూ ఫొటోలు తీసి పెట్టుకోండి. అనుమతికి పనికొస్తాయి, తర్వాత పాత నగిషీ ఎలా ఉండేదో చూసుకోవడానికీ అవే ఆధారం.

ఇక గోడ దగ్గరికి. వేలి ముడులతోగానీ సుత్తి చెక్క పిడితోగానీ జానెడుకొకచోట తట్టుతూ పోండి. గట్టి పూత టక్కుమంటుంది. గోడను వదిలేసిన పూత డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్నంత మేర సుద్దముక్కతో గీయండి. డొల్లగా ఉన్నదంతా తీసేయాలని లేదు. అరచేతి వెడల్పు మాత్రమే ఉండి, చుట్టూ గట్టిగా ఉంటే అలాగే వదిలేయొచ్చు. గట్టిగా ఉన్న పాత పూతను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కొట్టకండి, అది మీరు కొత్తగా వేయబోయే దానికన్నా మేలైనది.

పాత పూతలో ఏముందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రాలిన ముక్క ఒకటి నిమ్మకాయంత తీసుకుని పొడి చేసి, గాజు గ్లాసులో వేసి, బాత్రూం కడిగే యాసిడ్‌ను నీళ్లలో పలచన చేసి కొద్దికొద్దిగా పోయండి. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. ఈ పని ఆరుబయట, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయాలి. పొంగడం ఆగేవరకు పోస్తే సున్నం కరిగిపోతుంది. అడుగున మిగిలిందే అసలు ఇసుక, ఇటుక పొడి (సుర్కీ). నాలుగైదుసార్లు నీళ్లు పోసి తేర్చి ఎండబెడితే ఆ ఇసుక సన్నమా ముతకా, ఏ రంగు, సుర్కీ ఎంత ఉంది అన్నది కళ్లకు కనిపిస్తుంది. కొత్త మాలు దానికి దగ్గరగా కలపాలి. యాసిడ్ పోయగానే పొంగింది కాబట్టి అది సున్నమేనని మాత్రం తేల్చకండి, పాతబడ్డ సిమెంటు కూడా పొంగుతుంది. సిమెంటయితే బూడిద రంగులో ఉంటుంది, మేకుతో గీస్తే గీత పడదు.

ముందు నీళ్ల సంగతి

నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడకుండా పూత వేస్తే ఎంత మంచి సున్నమైనా నిలవదు. మిద్దె మీది తూము మూసుకుపోయిందా, వాననీటి గొట్టం గోడలోపల పగిలిందా, పిట్టగోడ పైభాగాన పగుళ్లున్నాయా చూడండి. పాతబస్తీలో ఇంకో బాధ ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి గుమ్మం వీధికన్నా కిందికి దిగిపోయింది. బయటి నేల లోపలి నేలకన్నా కనీసం 15 సెంటీమీటర్లు కిందుండాలి. వీధివైపు అది మన చేతిలో ఉండదు. కనీసం వాకిట్లో, పెరట్లో గోడకు ఆనించి పోసిన కాంక్రీటును ఒక అడుగు వెడల్పున తీసేసి, ఒకటిన్నర అడుగుల లోతు గాడి తవ్వి కంకర నింపండి. ఆ గాడిలోంచి గోడ తడి ఆవిరవుతుంది. పునాది ఆ లోతులోనే ఆగిపోతే దాని కిందికి మాత్రం తవ్వకండి.

రావి మొక్క ప్రతి పాత ఇంటి పిట్టగోడ మీదా మొలుస్తుంది. దాన్ని పట్టి లాగితే వేరుతో పాటు నాలుగు రాళ్లూ వస్తాయి. పైనుంచి కోసి, మోడు మీద కలుపు మందు పూసి, వేరు పూర్తిగా ఎండాక సందు విప్పి తీయాలి. తీసిన ఖాళీని ఆ రోజే సున్నంతో నింపాలి, లేకపోతే అక్కడే మళ్లీ మొలుస్తుంది.

తడి వచ్చే దారి మూసిన తర్వాత గోడను కనీసం ఒక వేసవి ఆరనివ్వండి. ఇది చాలామందికి నచ్చని మాట. అయినా తప్పదు.

సిమెంటు తీయడం

చిన్న ఉలి, అరకిలో సుత్తి చాలు. కరెంటు బ్రేకర్ వద్దేవద్దు. దాని అదురుకు పక్కనున్న మంచి పూత కూడా గోడను వదిలేస్తుంది. డొల్ల చోట మొదలుపెట్టి, ఉలిని గోడలోకి గుచ్చకుండా గోడ వెంట వాలుగా పెట్టి అంచునుంచి లేపుతూ రండి. సిమెంటు వెనక ఉప్పు ఉన్నచోట అది రొట్టెలా ఊడివస్తుంది. ఇటుకను గట్టిగా పట్టుకున్నచోట మొండికేస్తే వదిలేయండి, ఇటుక చెక్క ఎగిరిపోవడం కన్నా ఆ కొంచెం సిమెంటు ఉండిపోవడమే నయం. సందుల్లో వదులైన సున్నాన్ని అంగుళం లోతు వరకు గోకి, బ్రష్షుతో దుమ్ము దులిపేయండి. లోపల మట్టితో కట్టిన గోడ అయితే గోకేటప్పుడు మట్టి జారుతూనే ఉంటుంది. అలాంటిచోట ఒక్కసారి గజం మేర మాత్రమే విప్పి, సందులు పూడ్చి, తర్వాత పక్కకు వెళ్లాలి.

చౌడు ఎక్కువగా ఉంటే పొడి బ్రష్షుతో ఉప్పు దులిపి బట్టలో పట్టి బయట పారేయండి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

సున్నం తయారీ

అసలు పని ఇదే. దీన్ని తొందరపెట్టిన ప్రతిసారీ గోడ చెడుతుంది.

కాల్చిన సున్నపు గడ్డలు కావాలి. మన రాష్ట్రాలకు పిడుగురాళ్ల సున్నపు బట్టీలు పేరుమోసినవి. గడ్డలు తేలిగ్గా, గట్టిగా ఉండాలి. సంచిలో సగం పొడి అయిపోయి ఉంటే ఆ సున్నం అప్పటికే గాలి తగిలి చచ్చిపోయిందని. ఒక గడ్డను నీళ్లలో వేసి చూడండి. కొద్ది నిమిషాల్లో సలసలమని కాగుతూ విచ్చుకోవాలి. గోడలకు కొట్టే చౌక సున్నం పొట్లాల్లో వేరే పొడులు కలిసి ఉంటాయి, పూతకు అవి వద్దు.

ఇనుప డ్రమ్ములోగానీ ఇటుక తొట్టిలోగానీ మూడొంతుల వరకు నీళ్లు పోసి గడ్డలను కొంచెం కొంచెంగా వేయాలి. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి మెత్తబడి చిట్లుతుంది. గడ్డల మీద నీళ్లు చిలకరిస్తే వేడి సున్నం ఎగజిమ్మి మొహాన పడుతుంది. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, పూర్తి చేతుల చొక్కా లేకుండా తొట్టి దగ్గరికి వెళ్లొద్దు. పక్కన బకెట్ నిండా మంచి నీళ్లు పెట్టుకోండి. కంట్లో పడితే అక్కడికక్కడే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడుగుతూ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చిన్నపిల్లలను ఆ పరిసరాల్లోకే రానివ్వొద్దు.

ఉడుకు తగ్గాక కలియబెట్టి, సన్న జల్లెడ గుండా ఇంకో తొట్టిలోకి పోసి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా ఉంచాలి. కనీసం 21 రోజులు, వీలైతే మూడు నెలలు. సరిగా నానని రవ్వ ఒక్కటి పూతలోకి వెళ్లినా, అది తర్వాతెప్పుడో తడి తగిలి ఉబ్బి పూత మీద పొక్కులా లేచి పగులుతుంది. బాగా మాగిన సున్నం వెన్నలా ఉంటుంది, తాపీతో కోస్తే అంటుకోకుండా తెగుతుంది. 10 కిలోల మంచి గడ్డలకు దాదాపు 20 లీటర్ల ముద్ద వస్తుంది.

మాలు కొలతలు ఇవి: ముద్ద 1 పాలు, సుర్కీ 1 పాలు, ఇసుక 2 పాళ్లు. సుర్కీ అంటే తక్కువ సెగలో కాలిన మెత్తటి ఇటుక పొడి. మాడి నల్లబడ్డ ఇటుక పొడి సున్నంతో కలవదు. ఇసుక కడిగినదై ఉండాలి, సన్నదీ ముతకదీ కలిసి ఉండాలి. అంతా సన్నిసుకే అయితే పూత ఎండేటప్పుడు బీటలు వారుతుంది. 10 చదరపు మీటర్ల గోడకు రెండు పొరలూ కలిపి 20 మిల్లీమీటర్ల మందం వేయాలంటే వృథాతో కలిపి సుమారు 150 లీటర్ల ఇసుక, 75 లీటర్ల సుర్కీ, 75 లీటర్ల ముద్ద పడతాయి. అంటే దాదాపు 40 కిలోల గడ్డలు. ముద్ద ఇసుక సందుల్లోకి ఇమిడిపోతుంది కాబట్టి మొత్తం 300 లీటర్లవుతుందని లెక్కేయకండి.

వెనకటి రోజుల్లో ఈ మాలును ఎద్దు తిప్పే గానుగలో రుబ్బేవారు, గానుగ సున్నం అనే మాట అందుకే. ఇప్పుడు మోటారుతో తిరిగే రాతి చక్రాల గానుగలు ఉన్నాయి. సిమెంటు కలిపే తిరుగుడు డ్రమ్ము ఈ పనికి రాదు. అది దొర్లిస్తుందేగానీ రుబ్బదు. కొంచెం పనికయితే రాతి నేల మీద పోసి దుంగతో అరగంటకు తగ్గకుండా దంచండి. దంచే కొద్దీ మాలు దానంతటదే వదులై జిగురెక్కుతుంది. గట్టిగా ఉందని మొదట్లోనే నీళ్లు పోస్తే ఆ నీళ్లే రేపు బీటలవుతాయి. తాపీ నిండా తీసి తలకిందులు చేస్తే మాలు జారకూడదు. అదే గుర్తు.

రుబ్బేటప్పుడు పోసే నీళ్లలో సగం కరక్కాయ-బెల్లం నీళ్లు పోస్తారు. 10 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల దంచిన కరక్కాయ, 200 గ్రాముల బెల్లం వేసి పది రోజులు నానబెట్టి, రోజూ కలిపి, వడకట్టుకోవాలి. బెల్లం వల్ల మాలు త్వరగా బిగుసుకోదు, తాపీకి చక్కగా లొంగుతుంది. బెల్లం మంచిదని రెట్టింపు వేస్తే పూత వారాల తరబడి మెత్తగానే ఉండిపోతుంది, చీమలు పడతాయి. కరక్కాయ నీళ్లను ఇనుప డ్రమ్ములో మాత్రం నానబెట్టకండి. కరక్కాయ వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత వచ్చేది ఈ కలయికతోనే. బట్ట మీద అందమైన ఆ నలుపు మీ గోడ మీద మరకవుతుంది. మట్టికుండలోనో ప్లాస్టిక్ బకెట్లోనో నానబెట్టండి. ఆఖరి తెల్లపూతలో కరక్కాయ అసలే వద్దు.

పూయడం, ఆరబెట్టడం

హైదరాబాద్‌లో ఈ పనికి మంచి కాలం దసరా వెళ్లాక మొదలై శివరాత్రి దాకా. ఎండాకాలం పూత గంటలో ఎండి పొడిగా రాలుతుంది, ఎందుకంటే సున్నం గట్టిపడేది ఎండి కాదు, తడిగా ఉంటూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని. కెనడాలో ఇందుకు పూర్తిగా వేరే లెక్క. 1985లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన క్యూబెక్ పాత నగరంలో కూడా సున్నంతో కట్టిన రాతి ఇళ్లే. అక్కడ మేస్త్రుల భయం ఎండ కాదు, మంచు. పచ్చి సున్నంలోని నీరు గడ్డకడితే ఉబ్బి పూతను లోపలినుంచే విడగొడుతుంది, కాబట్టి చలి ముదిరేలోగా పని ముగించాలి. అదే చలి సిమెంటు దెబ్బను కూడా రెట్టింపు చేస్తుంది. సిమెంటు వెనక చిక్కిన నీరు మన దగ్గర ఇటుకను పొడి చేస్తే, అక్కడ గడ్డకట్టి రాయి ముఖాన్నే పెచ్చులుగా లేపేస్తుంది. ఊరేదైనా పాత గోడకు సున్నమే కావాలి, మారేది పని చేసే నెలలే.

ముందురోజు సాయంత్రం గోడను బాగా తడపండి, పూసే గంట ముందు మళ్లీ ఒకసారి. చేయి పెడితే చల్లగా తగలాలి, నీరు మెరవకూడదు. లోతైన గుంతలను ఇటుక ముక్కలూ మాలూ కలిపి నింపి రెండు మూడు రోజులు ఆగండి. మొదటి పొర 12 మిల్లీమీటర్లు మించకుండా, గోడకేసి గట్టిగా కొట్టాలి. మెత్తగా రాస్తే సందుల్లోకి పోదు. కొంచెం బిగిశాక మేకుతో అడ్డదిడ్డంగా గీతలు గీయండి, పైపొరకు అదే పట్టు. వారం పది రోజులకు బొటనవేలు నొక్కితే గుర్తు పడనప్పుడు రెండో పొర, 8 మిల్లీమీటర్లు. మొదటి రెండు మూడు రోజుల్లో సన్నని బీటలు కనిపిస్తే కంగారుపడకండి. నీళ్లు చిలకరించి చెక్క పలకతో గుండ్రంగా నొక్కి రుద్దితే మూసుకుంటాయి. ఉక్కు తాపీతో నున్నగా రుద్దితే మాత్రం పైన పొర కట్టి లోపలి సున్నానికి గాలి అందదు.

ఆఖరి పూత రెండు మూడు మిల్లీమీటర్లే. బట్టలో వడగట్టిన ముద్ద 1 పాలు, మెత్తటి పాలరాతి పొడి 1 పాలు. కొందరు కోడిగుడ్డు తెల్లసొన కలుపుతారు. ఇది తడి ఆరకముందే నున్నటి గులకరాయితో చిన్నచిన్న వలయాలుగా రుద్దుతూ, మధ్యమధ్య బట్టలో కట్టిన బలపపు రాయి పొడిని అద్దుతూ పోతే గోడ గుడ్డు పెంకులా మెరుస్తుంది. ఒక మనిషి రోజంతా రుద్దినా చదరపు గజం రెండు గజాలు దాటదు. గది మొత్తానికీ అక్కర్లేదు. హాల్లోని స్తంభాలకూ కమానులకూ మాత్రం చేయించుకోండి.

ఆ తర్వాత రెండు వారాలు తడి గోనెసంచులు గోడకు రెండంగుళాల ఎడంగా వేలాడదీసి, రోజుకు మూడుసార్లు నీళ్లు తుంపరగా కొట్టండి. పైపు పెట్టి తడపడం తప్పు. నీళ్లు నిండిపోతే రంధ్రాల్లోకి గాలి వెళ్లదు, సున్నం గట్టిపడదు. ఎంతవరకు గట్టిపడిందో తెలుసుకోవాలంటే స్కూళ్లకు ల్యాబు సామాను అమ్మే దుకాణంలో ఫినాల్ఫ్తలీన్ ద్రావణం దొరుకుతుంది. పూత అంచు చిన్నముక్క విరిచి, విరిగిన చోట చుక్క వేయండి. గులాబీ రంగు వచ్చినంత మేర ఇంకా పచ్చి, రంగు మారనిచోట గట్టిపడినట్టు. పైనుంచి లోపలికి చేరడానికి నెలలు పడుతుంది.

కమాను మీది పూలూ తీగలూ విరిగి ఉంటే రాలిన ముక్కలన్నీ పెట్టెలో దాచండి. 2019లో చార్మినార్ మినార్ మీది నగిషీ ముక్క కూడా ఊడిపడింది, కాబట్టి వీధిమీదికి వాలి ఉన్న నగిషీలను ఏటా తట్టి చూడటం తప్పనిసరి. పోయిన భాగానికి పక్కనున్న పువ్వునుంచే అచ్చు తీయించాలి, కొత్త డిజైను వేయొద్దు. ఈ చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. 2013 నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ప్రభుత్వంతో కలిసి చేసిన పనిలో గుమ్మటాల మీది సిమెంటు తీసి సున్నం వేశారు, అలాంటి పనుల్లో చేసిన మేస్త్రుల కోసం వాకబు చేయండి. పని ఒప్పుకునే ముందు గజం గోడ నమూనాగా వేయించి నెల ఆగి చూడండి. ఆ గజంలో బీటలు, పొక్కులు లేకపోతే మిగతాది అప్పగించండి.

రంగుకు ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే చేసినదంతా వృథా, సిమెంటు లాగే అదీ దారి మూసేస్తుంది. ముద్దను పాలలా పలచన చేసి, తడిపిన గోడ మీద రోజుకొకటి చొప్పున నాలుగైదు పలచటి పూతలు వేయండి. వేసినప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, ఆరాకే తెలుపు తేలుతుంది. చిక్కగా ఒకేసారి వేస్తే చేతికి అంటుతుంది. రంగు కావాలంటే కావిరాయి పొడి, కొంచెం నీలిమందు సున్నంలో నిలుస్తాయి.

తొట్టిలో మిగిలిన ముద్దను పారేయకండి. మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి పైన రెండంగుళాల నీళ్లు ఉంచి, తేదీ రాసి మూల పెట్టండి. ఏటా మృగశిర కార్తెకు ముందు తూములు శుభ్రం చేసి, గోడలన్నీ ఒకసారి తట్టి చూసినప్పుడు కనిపించే చిన్న డొల్లలకూ, పిట్టగోడ బీటలకూ అదే చాలు.